ఇనుము కోసం మొక్కల తిప్పలు

మీ ఊళ్ళో వేరుశనగ చేలు ఉంటే, విత్తిన నెలా నెలన్నరకి ఓసారి వెళ్ళి చూడండి. కొన్ని చేలు ఈ కొసనుంచి ఆ కొసదాకా నిగనిగలాడుతూ ఉంటాయి. కొన్నింటిలో మాత్రం, ఎవరో పసుపునీళ్ళు చల్లినట్టు, అక్కడక్కడా మొక్కలు గుంపులు గుంపులుగా పాలిపోయి కనిపిస్తాయి. అలాంటి ఒక మొక్క ముందు కూర్చుని పరీక్షగా చూడండి. అడుగున ఉన్న ముదురాకులు బాగానే ఉంటాయి. కొసన కొత్తగా విచ్చుకున్న లేతాకులే పసుపు రంగుకి తిరిగి ఉంటాయి. ఒక ఆకు తుంచి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, వాటి మధ్య భాగమంతా పసుపుగా, వల పరిచినట్టు కనిపిస్తుంది. ముదిరితే ఆ ఈనెల పచ్చదనం కూడా పోయి ఆకు తెల్లకాగితంలా అయిపోతుంది. అంచులు మాడతాయి. ఆ మొక్కకి ఊడలు సరిగా దిగవు. కాయలు నిండవు.

ఇది పురుగు చేసిన పని కాదు, బూజు చేసిన పనీ కాదు. ఆ మొక్కకి ఇనుము చాలలేదు, అంతే.

"నేలలో ఇనుము లేకపోవడం ఏమిటి?" అని మీకు సందేహం రావచ్చు. రావలసిందే. భూమి పైపొరలో ఉన్న మూలకాలను వరసగా లెక్కపెడితే, ఆక్సిజన్, సిలికాన్, అల్యూమినియం తరువాత నాలుగో స్థానం ఇనుముదే. ఎర్రనేల ఎర్రగా ఉండడానికి కారణం కూడా ఇనుమే. చిన్న లెక్క వేద్దాం. ఒక ఎకరం పొలంలో జానెడు లోతు మట్టి సుమారు తొమ్మిది లక్షల కిలోలు తూగుతుంది. అందులో నూటికి మూడు వంతులు ఇనుము అనుకున్నా 27 వేల కిలోలు! ఆ ఎకరంలో పెరిగే పైరుకి పంట కాలమంతటికీ కావలసినది ఏ కిలోనో, అర కిలోనో. ఇరవై ఏడు వేల కిలోల గాదె పక్కనే ఉండగా మొక్క పిడికెడు ఇనుముకి ముఖం వాచిపోతోంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, సరిగ్గా అలాగన్న మాట.

మరి ఆ శని ఎక్కడుంది? దాన్ని మొక్కలు ఎలా వదిలించుకుంటాయి? కొన్ని రకాలు తట్టుకుని నిలబడుతుంటే, పక్కనే కొన్ని రకాలు ఎందుకు పాలిపోతాయి? ఈ వ్యాసంలో చూద్దాం.

గాదెకి తాళం

ఇనుప మేకుని తడిలో వదిలేస్తే తుప్పు పడుతుంది. ఆ తుప్పుని నీళ్ళలో వేసి ఎంత కలిపినా కరగదు. నేలలో ఉన్న ఇనుములో ఎక్కువ భాగం ఇటువంటి తుప్పు రూపంలోనే ఉంటుంది. మొక్క నమలలేదు, కొరకలేదు. నీళ్ళలో కరిగినదాన్నే వేరు లోపలికి తీసుకోగలదు. కరగని ఇనుము వేరు చుట్టూ ఎంత ఉన్నా లేనట్టే.

ఇనుము అయాన్లు ముఖ్యంగా రెండు రకాలు. పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటే ఫెర్రస్ అయాను అవుతుంది. మూడు పోగొట్టుకుంటే ఫెర్రిక్ అయాను. ఫెర్రస్ రూపం నీళ్ళలో సులువుగా కరుగుతుంది. గాలి తగిలిన నేలలో ఇనుము ఫెర్రిక్ రూపంలోకి మారిపోతుంది. అది ఎంత కరుగుతుందన్నది నేల పులుపు మీద ఆధారపడి ఉంటుంది. రసాయన శాస్త్రంలో ఈ పులుపుని పి.హెచ్. అనే కొలతతో చెబుతారని మీరు చదివే ఉంటారు. 7 అంటే తటస్థం, అంతకన్న తక్కువయితే ఆమ్లం, ఎక్కువయితే క్షారం. పి.హెచ్. ఒక్క అంకె పెరిగితే కరిగిన ఫెర్రిక్ ఇనుము వెయ్యోవంతుకి పడిపోతుంది. రెండు అంకెలు పెరిగితే పదిలక్షల వంతుకి! సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో పి.హెచ్. 7.5 నుంచి 8.5 దాకా ఉంటుంది. ప్రపంచంలోని సాగు నేలల్లో దాదాపు మూడోవంతు ఇటువంటి సున్నపు నేలలే. కాబట్టి ఇది ఏ ఒక్క ఊరి బాధో కాదు.

ఇంతకీ ఇనుము ఎందుకు?

పత్రహరితంలో ఇనుము ఉంటుందని చాలామంది పొరబడతారు. దాని నడుమ ఉన్నది ఇనుము కాదు, మెగ్నీషియం. కాని ఆ పత్రహరితాన్ని తయారు చేసే పనివాళ్ళలో, అంటే ఎంజైములలో, కొందరికి ఇనుము లేకపోతే చేతులు ఆడవు. అందుకే ఇనుము చాలని ఆకు పసుపుబారుతుంది. అంతేకాదు. ఇనుము ఒక ఎలక్ట్రానుని సులువుగా ఇవ్వగలదు, మళ్ళీ సులువుగా పుచ్చుకోగలదు. ఆకులో సూర్యరశ్మిని పట్టే యంత్రాంగంలో ఎలక్ట్రాన్లు ఒక చేతినుంచి మరో చేతికి మారుతూ పోతాయి. ఆ చేతులలో చాలా వాటికి ఇనుమే ఆధారం. ఆకులో ఉన్న ఇనుములో నూటికి 80 వంతుల దాకా హరితరేణువులలోనే ఉంటుంది.

వేరుశనగ వేళ్ళ మీద ఉండే బుడిపెలను చూశారా? ఒక బుడిపెను గోటితో చిదిపితే లోపల గులాబి రంగు కనిపిస్తుంది. మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కి చుట్టమైన పదార్థం అది. అందులోనూ ఇనుము ఉంది. గాలిలోని నత్రజనిని మొక్కకి ఆహారంగా మార్చే పని ఆ బుడిపెలలోనే జరుగుతుంది. ఇనుము తగ్గితే ఆ వంటిల్లు కూడా మూతపడుతుంది.

ఒకసారి ముదురాకులో స్థిరపడిన ఇనుము అక్కడినుంచి తొందరగా కదలదు. అందుకే ముందు దెబ్బ తగిలేది లేతాకులకి. నత్రజని సంగతి దీనికి తలకిందులు. అది చాలకపోతే మొక్క ముదురాకుల నుంచి తీసి లేతాకులకి పంపుతుంది. కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే, చేనులో నిలబడే మీరు సగం జబ్బు పోల్చుకోగలరు.

కుంచెతో చేసిన వైద్యం

ఈ పాలిపోయే జబ్బుకి మూలం ఇనుము కొరతేనని తేల్చిన వాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు యూసెబ్ గ్రీ. 1843లో ఆయన ఫెర్రస్ సల్ఫేటు నీళ్ళను పాలిపోయిన ఆకుల మీద పూశాడు. కొద్ది రోజులలో పూసిన మేరకు ఆకు పచ్చబడింది. ఈ ఫెర్రస్ సల్ఫేటునే మన రైతులు అన్నభేది అంటారు. ఈనాటికీ వరి నారుమడి గాని, వేరుశనగ గాని, బత్తాయి గాని ఇలా పాలిపోతే లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు.

వైద్యం బాగానే ఉంది. కాని పిచికారీ చేసిన ఆకులకే అది పనికి వస్తుంది. ఆ తరువాత పుట్టే ఆకులు మళ్ళీ పసుపు రంగుతోనే పుడతాయి. కాబట్టి వారం పది రోజులకి మళ్ళీ చల్లాలి. ప్రతిసారీ మందు ఖర్చు, కూలి ఖర్చు. అన్నభేదిని నేలలో వేస్తే సున్నం దాన్ని కూడా తుప్పుగా మార్చి గాదెలో దాచేస్తుంది. గాదెకి తాళం తీయడం తెలిసిన మొక్కే దొరికితే? అసలు అటువంటి మొక్కలు ఉన్నాయా?

గుట్టు వేరులో ఉంది

ఉన్నాయి. సున్నపు నేలలో సోయాచిక్కుడు వేస్తే కొన్ని రకాలు పాలిపోతాయి, కొన్ని పచ్చగా ఉంటాయి. 1943లో అమెరికాలో మార్టిన్ వైస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ రెండు రకాలనూ సంకరం చేసి చూశాడు. మొదటి తరంలో అన్నీ పచ్చని మొక్కలే వచ్చాయి. రెండో తరంలో మూడు పచ్చనివైతే ఒకటి పాలిపోయింది. మూడుకి ఒకటి! మెండెల్ బఠానీ ప్రయోగాలు చదివిన వారికి ఈ లెక్క ఎక్కడిదో వెంటనే తడుతుంది. ఇనుము సంపాదించుకునే నేర్పు తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే లక్షణం. ఆ సోయా రకాలలో ఆ తేడాకి ఒకే ఒక్క జన్యువు కారణం.

మరి ఆ జన్యువు పని చేసేది ఆకులోనా, వేరులోనా? 1958లో జాన్ బ్రౌన్, ఆయన సహచరులు ఈ ప్రశ్నకి అంటుకట్టి జవాబు రాబట్టారు. నేర్పున్న రకం వేరు మీద నేర్పులేని రకం కొమ్మని అంటుకట్టారు. కొమ్మ పచ్చబడింది. నేర్పులేని వేరు మీద నేర్పున్న కొమ్మని కట్టారు. అది పాలిపోయింది. అంటే గుట్టు వేరులోనే ఉందన్న మాట.

తరువాత 1971లో బ్రౌన్ బృందమే టమాటాలో ఒక వింత మొక్కను వర్ణించింది. ఒకే ఒక్క జన్యువు చెడిపోయిన పాపానికి అది ఇనుముని సంపాదించుకోలేకపోయింది. ప్రత్యేకంగా అందిస్తే తప్ప బతకదు. జన్యువులను విడదీసి చదివే పద్ధతులు ఇంకా చేతికి రాని రోజులవి. కాబట్టి ఆ చెడిన జన్యువు ఏదో పట్టుకోవడానికి 2002 దాకా ఆగవలసి వచ్చింది. దాని సంగతి కాసేపట్లో చెప్పుకుందాం.

మొదటి ఉపాయం: పులుసు పోసి తలుపు తీయడం

గాదె తాళం తీయడానికి మొక్కలు రెండు ఉపాయాలు కనిపెట్టాయని 1986లో జర్మనీ శాస్త్రజ్ఞులు రోమ్‌హెల్డ్, మార్ష్‌నర్ వివరించారు. చిక్కుడు, వేరుశనగ, టమాటా, ఆవ వంటి మొక్కలది మొదటి ఉపాయం. వరి, గోధుమ, బార్లీ, మొక్కజొన్న వంటి గడ్డిజాతి మొక్కలది రెండో ఉపాయం.

మొదటి ఉపాయంలో మూడు మెట్లు ఉన్నాయి. ఇనుము ఆకలి వేయగానే వేరు తన చుట్టూ హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. దానివల్ల ఆ చుట్టుపక్కల మట్టి పులుపెక్కి కొద్దిగా ఫెర్రిక్ ఇనుము కరుగుతుంది. ఇది మొదటి మెట్టు. వేరు పైపొర మీద ఉన్న ఒక ఎంజైము ఆ ఫెర్రిక్ అయానుకి ఒక ఎలక్ట్రానుని దానం చేసి ఫెర్రస్‌గా మారుస్తుంది. ఇది రెండో మెట్టు. ఫెర్రస్ అయానుని కణత్వచం గుండా లోపలికి తీసుకుపోయే ద్వారం లాంటి ప్రోటీను ఒకటి ఉంటుంది. ఇది మూడో మెట్టు. ఒక్కొక్క మెట్టుకీ ఒక జన్యువు, లేదా కొన్ని జన్యువులు ఉన్నాయి.

ఆ మూడో మెట్టు జన్యువుని పట్టుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్క ఉంది. మొక్కల జన్యు శాస్త్రజ్ఞులకి అది ముద్దుబిడ్డ. అమెరికాలో డేవిడ్ ఐడ్, మేరీ లూ గెరినో అనే శాస్త్రజ్ఞులు, ఇనుముని లోపలికి తీసుకోవడం చేతకాని ఈస్టు కణాలను తీసుకున్నారు. రొట్టెపిండిని పొంగించే ఈస్టే ఇది. ఆ కణాలలోకి అరబిడాప్సిస్ జన్యువులను ఒక్కో కణానికి ఒక్కోటి చొప్పున జొప్పించి, ఇనుము తక్కువగా ఉన్న ఆహారం మీద వదిలారు. దాదాపు అన్నీ ఎదగలేక ఆగిపోయాయి. కొన్ని మాత్రం బతికి పెరిగాయి. వాటిలో చేరిన మొక్క జన్యువు ఏదో, ఇనుముకి తలుపు తీసేది అదే కదా! 1996లో ప్రకటించిన ఆ జన్యువుకి ఐ.ఆర్.టి.1 అని పేరు పెట్టారు. 1999లో, ఎలక్ట్రాను దానం చేసే ఎంజైము జన్యువు కూడా దొరికింది. దాని పేరు ఎఫ్.ఆర్.ఒ.2. ఐ.ఆర్.టి.1 జన్యువు చెడిపోయిన మొక్కను 2002లో పెంచి చూశారు. అది పూర్తిగా పాలిపోయి, పైనుంచి ఇనుము అందించకపోతే చచ్చిపోయింది.

రెండో ఉపాయం: వల వేసి పట్టడం

గడ్డిజాతి మొక్కల పద్ధతి వేరు. అవి ఇనుము కోసం వల వేస్తాయి. 1976లో తకాగి అనే జపాను శాస్త్రజ్ఞుడు ఓట్లు, వరి వేళ్ళు కడిగిన నీళ్ళను పరీక్షించాడు. ఆ నీళ్ళకి తుప్పు ఇనుముని కరిగించే గుణం ఉందని కనిపెట్టాడు. వేళ్ళు ఏదో పదార్థాన్ని బయటికి స్రవిస్తున్నాయన్న మాట. బార్లీ నుంచి తీసిన అటువంటి పదార్థానికి ముగినిక్ ఆమ్లం అని పేరు వచ్చింది. జపాను భాషలో ముగి అంటే బార్లీ, గోధుమ వంటి ధాన్యం.

ఈ ఆమ్లం పీత డెక్కలాగా ఫెర్రిక్ ఇనుముని పట్టుకుంటుంది. పట్టుకున్నాక విడవకుండా అలాగే వేరు దగ్గరికి వస్తుంది. వేరు పైన ఉన్న మరో ద్వారం, వలనీ చేపనీ కలిపే లోపలికి లాక్కుంటుంది. సున్నపు నేలలో హైడ్రోజన్ అయాన్లను ఎంత వదిలినా సున్నం వాటిని మింగేస్తుంది. కాబట్టి మొదటి ఉపాయం అక్కడ తేలిపోతుంది. వల పద్ధతికి ఆ ఇబ్బంది అంతగా లేదు.

బార్లీ ఈ వల వేసే వేళ కూడా తమాషాగా ఉంటుంది. రోజంతా కొంచెం కొంచెంగా కాకుండా, పొద్దు పొడిచిన మూడు నాలుగు గంటలకి ఒక్కసారిగా వదులుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులకి ఈ ఆమ్లం మంచి తిండి. కొద్దికొద్దిగా వదిలితే అవి తినేస్తాయి. ఒక్కుమ్మడిగా వదిలితే వాటికి చిక్కకుండా కొంతైనా పని జరుగుతుంది. మొక్క ఇలా వేళ పాటించడానికి అదే కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

వలని లోపలికి లాగే ద్వారం చెడిపోతే ఏమవుతుంది? మొక్కజొన్నలో ఆకుల మీద పొడుగునా పసుపు చారలు వచ్చే ఒక మొక్కను 1929లో జార్జి బీడిల్ వర్ణించాడు. ఈయనకే తరువాత 1958లో, మరో పరిశోధనకి, నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పసుపు చారల మొక్కలో చెడినది సరిగ్గా ఈ ద్వారం జన్యువే అని 2001లో తేలింది. ఒక ప్రశ్నకి జవాబు దొరకడానికి 72 ఏళ్ళు పట్టింది చూశారా!

ఇంకో చక్కని సంగతి. చైనాలోని సున్నపు నేలల్లో వేరుశనగని విడిగా వేస్తే పాలిపోతుంది. మొక్కజొన్నతో కలిపి అంతరపంటగా వేస్తే పచ్చగా ఉంటుంది. మొక్కజొన్న వేళ్ళు వేసిన వల పక్కనున్న వేరుశనగకి కూడా ఉపకరిస్తోందని 2000లో అక్కడి శాస్త్రజ్ఞులు వివరించారు. ఇరుగు మంచిదైతే పొరుగు కూడా బాగుపడుతుందన్న మాట.

వరి చిక్కు

వల వేసే మొక్కలలో బార్లీ మొనగాడు. తరువాత గోధుమ, ఓట్లు, మొక్కజొన్న, జొన్న. అందరికన్న వెనక ఉన్నది మన వరి! ఎందుకలా? వరి నీళ్ళలో పెరిగిన మొక్క. మడిలో నీరు నిలిస్తే మట్టిలోకి గాలి చొరబడదు. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు ఫెర్రిక్ ఇనుముని ఫెర్రస్‌గా మార్చేస్తాయి. ఇనుము కరిగి వేరు దగ్గరికి అదే వస్తుంది. ఇంటికి వచ్చే చేపకి వల ఎందుకు? పైగా ఆ ఫెర్రస్‌ను నేరుగా లోపలికి తీసుకునే ద్వారం కూడా వరికి ఉందని 2006లో జపాను శాస్త్రజ్ఞులు చూపించారు. అంటే వరికి రెండు ఉపాయాలలోనూ కొంత కొంత పాలు ఉంది.

కాని నీరు చాలని చోట మెట్టనారు పోస్తే, పొడి దుక్కిలో వరి విత్తితే ఈ సౌకర్యం పోతుంది. సున్నపు నేలయితే నారు తెల్లబోతుంది. నీళ్ళు ఆదా చేయడానికి మెట్టవరి వేయాలనే రోజులివి. కాబట్టి వరికి వల వేయడం బాగా నేర్పాలి.

2001లో టోక్యో విశ్వవిద్యాలయంలో మిచికో తకహాషి, నవొకో నిషిజావా మొదలైన వారు ఆ పని చేసి చూశారు. ముగినిక్ ఆమ్లం తయారీలో ఒక ముఖ్యమైన మెట్టుకి కారణమైన జన్యువులను బార్లీ నుంచి తీసి వరిలో పెట్టారు. క్షార నేలలో పెంచినప్పుడు ఆ వరి, మామూలు వరి కన్న నాలుగు రెట్లు ఎక్కువ గింజలు ఇచ్చింది.

ఎక్కువైతే?

ఇంతవరకూ కొరత గురించి చెప్పుకున్నాం. అతి కూడా అంతే ప్రమాదం. పుల్లని నేలల్లో నీరు నిలిచి, మురుగు పోయే దారి లేకపోతే, ఫెర్రస్ ఇనుము విపరీతంగా పెరుగుతుంది. వరి ముదురాకుల మీద, కొసల నుంచి మొదలుపెట్టి, చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు వస్తాయి. క్రమంగా ఆకంతా కంచు రంగుకి తిరుగుతుంది. పశ్చిమ ఆఫ్రికా, ఆగ్నేయాసియా దేశాలలోను, మన దేశంలో కేరళ, ఒడిశా వంటి చోట్లా ఈ బాధ ఉంది.

ఇనుముకి మేలు చేసే గుణమే కీడూ చేస్తుంది. ఎలక్ట్రానుని సులువుగా ఇస్తుందన్నాం కదా! కణంలో ఏ కట్టుబాటూ లేకుండా తిరిగే ఫెర్రస్ అయాను, హైడ్రోజన్ పెరాక్సైడుకి ఎలక్ట్రానుని ఇచ్చి హైడ్రాక్సిల్ రాడికల్ అనే ముక్కని పుట్టిస్తుంది. అది కనబడిన దానినల్లా, కణత్వచమైనా, ప్రోటీనైనా, జన్యువులున్న డి.ఎన్.ఎ. అయినా, కాల్చినట్టు పాడుచేస్తుంది. పొయ్యిలో ఉన్న నిప్పు అన్నం వండుతుంది. చూరెక్కిన నిప్పు ఇల్లు తగలేస్తుంది.

అందుకని మొక్క చాలా జాగ్రత్తలు పడుతుంది. వరి కాండంలో గాలి గొట్టాలు ఉన్నాయి. వాటి గుండా ఆక్సిజన్ వేళ్ళకి దిగి, వేరు బయటే ఇనుముని తుప్పు పట్టిస్తుంది. మడిలో పీకిన వరి వేరు మీద కనిపించే ఎర్రటి పూత అదే. లోపలికి వచ్చిన ఇనుములో మిగులుని కణంలోని రిక్తికలలో దాస్తుంది. ఫెరిటిన్ అనే ప్రోటీను బోలు బంతిలా ఉంటుంది. ఒక్కొక్క బంతిలో 4500 దాకా ఇనుప పరమాణువులు పడతాయి. అవసరమైనప్పుడు అందులోంచి తీసుకోవచ్చు. ఈ పనులు గట్టిగా చేయగల రకాలు ఇనుము ఎక్కువైన నేలను తట్టుకుంటాయి. లైబీరియా దేశపు సువాకోకో 8 అనే వరి రకానికి అలాంటి పేరుంది. ఆఫ్రికాలో తరతరాలుగా సాగులో ఉన్న స్థానిక వరి జాతిలోనూ ఇటువంటి ఓర్పు గల రకాలు ఉన్నాయి.

ఎవరి పెత్తనం?

తక్కువైతే తలుపు తీయాలి, చాలగానే మూయాలి. పైగా ఐ.ఆర్.టి.1 ద్వారం అంత నికరమైన కాపలాదారు కాదు. ఇనుముతో పాటు జింకు, మాంగనీసు, చివరికి విషమైన కాడ్మియం కూడా ఆ తలుపులోంచే దూరగలవు. కాబట్టి ఆ తలుపుని ఎల్లకాలం బార్లా తెరిచి ఉంచడం కుదరదు. తీయమని, మూయమని ఆజ్ఞ ఇచ్చేది ఎవరు?

ఇక్కడే మన 1971 నాటి టమాటా మళ్ళీ వస్తుంది. దానిలో చెడిన జన్యువు ద్వారమూ కాదు, ఎంజైమూ కాదు. వాటిని తయారు చేసే జన్యువులను నిద్రలేపే పెద్ద జన్యువు. పెద్ద మేస్త్రీ రాకపోతే కూలీలంతా ఉన్నా పని మొదలుకాదు కదా! అరబిడాప్సిస్‌లోనూ, వరిలోనూ ఇటువంటి మేస్త్రీ జన్యువులు ఉన్నాయి. మేస్త్రీకి కళ్ళెం వేసే జన్యువులు కూడా ఉన్నాయి. అవి ఇనుము చాలినప్పుడు పని ఆపిస్తాయి.

బఠానీలో ఇందుకు ఎదురు ఉదాహరణ ఉంది. ఒక రకం బఠానీ మొక్కలో ఆకులలో ఇనుము కుప్పలు పడుతున్నా, వేరు ఇంకా ఆకలిగా ఉన్నట్టే లాగుతూ ఉంటుంది. చివరికి ఆకులు పాడైపోతాయి. 1996లో దీనిమీద కూడా అంటు ప్రయోగం చేశారు. ఆ మొక్క కొమ్మని మంచి వేరు మీద కడితే, మంచి వేరు కూడా ఆకలిగొన్న వేరులా ప్రవర్తించింది. అంటే ఆకలి కబురు పైనుంచి కిందికి వస్తోంది. సోయా ప్రయోగం పని చేసేది వేరు అని చెప్పింది. బఠానీ ప్రయోగం ఆ వేరుకి కబురు పంపేది కొమ్మ అని చెప్పింది. రెండూ కలిస్తేనే కథ పూర్తి అవుతుంది.

పొలానికి ఏమి లాభం?

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఉంది. 1972లో స్థాపించారు. మెట్ట పంటలే దాని పని. అక్కడ రూపొందిన ఐసిజివి 86031 అనే వేరుశనగ రకం సున్నపు నేలలో కూడా పచ్చగా నిలబడుతుంది. పాతకాలం నుంచి ఉన్న టిఎమ్‌వి 2 రకం అదే నేలలో పాలిపోతుంది. ఓర్పున్న రకాన్ని, దిగుబడి బాగా ఉన్నా ఓర్పు లేని రకంతో సంకరం చేసి, పిల్లలలో రెండు గుణాలూ ఉన్నవాటిని ఎంచుకోవచ్చు. జన్యువుల ఆనవాళ్ళు తెలిస్తే, మొక్క పాలిపోయేదాకా ఆగకుండా, మొలకలోని చిన్న ముక్కను పరీక్షించే ఎంచుకోవచ్చు. రైతుకి పదేపదే అన్నభేది చల్లే ఖర్చు తప్పుతుంది.

ఇంకొక లాభం మన ఒంటికే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అందుకు పెద్ద కారణాలలో ఒకటి తిండిలో ఇనుము చాలకపోవడం. మొక్క నేలనుంచి తీసుకున్న ఇనుమే గింజ ద్వారా మనకి చేరాలి. వరి గింజలో ఇనుము ఎక్కువగా తవుడులో ఉంటుంది. తెల్లగా మరపట్టిస్తే అది కాస్తా పోతుంది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు సోయా ఫెరిటిన్ జన్యువుని వరిలో పెట్టి, గింజలో ఇనుము మూడు రెట్ల దాకా పెంచగలిగారు. జన్యువులను బయటి నుంచి తేకుండా, ఎంపిక ద్వారానే ఇక్రిశాట్, మహారాష్ట్ర వ్యవసాయ శాస్త్రజ్ఞులు కలిసి ధనశక్తి అనే సజ్జ రకాన్ని తయారు చేశారు. ఇనుము ఎక్కువగా ఉన్న ఈ రకం మహారాష్ట్రలో విడుదలయింది.

మీరే చేసి చూడండి

గాదెకి తాళం ఎలా పడుతుందో మీ కళ్ళతో చూడవచ్చు. మీ సైన్సు మాస్టారు దగ్గరుండగా చేయండి. అన్నభేదిని నోట్లో పెట్టుకోకూడదు, కళ్ళకి తగలనీయకూడదు.

రెండు గాజు గ్లాసులలో సగం దాకా నీళ్ళు పోసి, రెండింటిలోనూ చిటికెడు అన్నభేది కరిగించండి. రెండో గ్లాసులో మాత్రం చిటికెడు నిమ్మ ఉప్పు కూడా వేయండి. ఇప్పుడు మొదటి గ్లాసులో సున్నపు తేట కొద్దికొద్దిగా పోయండి. పాచి రంగు మడ్డి ఏర్పడుతుంది. గాలి తగిలేకొద్దీ అది తుప్పు రంగుకి మారుతుంది. సున్నపు నేలలో జరిగేది ఇదే. రెండో గ్లాసులో కూడా కొద్దిగా సున్నపు తేట పోసి చూడండి. అది అంత తొందరగా మడ్డి కట్టదు. నిమ్మ ఉప్పు ఒకవంక పులుపుని నిలుపుతూ, మరొకవంక ఇనుముని పట్టుకుని ఉంటుంది. రైతులు పిచికారీలో నిమ్మ ఉప్పు ఎందుకు కలుపుతారో, బార్లీ వేరు ఆమ్లాన్ని ఎందుకు స్రవిస్తుందో ఇప్పుడు మీకు తెలిసిపోయింది.

లేతాకులు పసుపుబారిన మొక్క ఏదైనా దొరికితే ఇంకొక ప్రయోగం. గ్లాసెడు నీళ్ళలో, అంటే 200 మిల్లీ లీటర్లలో, ఒక గ్రాము అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కరిగించండి. సాయంకాలం పూట, దూదితో ఒక ఆకులో ఈనెకి ఒక పక్కన మాత్రమే పూయండి. రెండో పక్కని వదిలేయండి. రోజూ చూసి నోటుబుక్కులో రాసుకోండి. పూసిన పక్క పచ్చబడితే ఆ మొక్కకి లోటు ఇనుమే. పచ్చబడకపోతే, కారణం వేరే ఉందన్న మాట. దాన్ని వెతకండి. 1843లో గ్రీ చేసిన ప్రయోగానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ కుంచెతో మొదలైన ప్రశ్న జన్యువుల దాకా వెళ్ళింది. కొమ్మ నుంచి వేరుకి పోయే కబురుని ఒక్కొక్క మొక్క ఎలా పంపుతుందో, దాన్ని ఎలా మార్చుకోవచ్చో ఇంకా పరిశోధన జరుగుతూనే ఉంది. ఆ పనిలో చేయి కలపడానికి మీలో కొందరు పెద్దయ్యాక వస్తారేమో. ఈలోగా ఓపిగ్గా ఆకులను చూడడం అలవాటు చేసుకోండి.